వ్యోమయానము – కంటిచూపు



ఇంద్రియములన్నింటిలో కన్ను ప్రధానమని మన పెద్దల మాట. ఆ మాటను నేను చిన్ననాట గురువుగారి యెదుట వల్లించితిని. ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత వల్లింపజేసితిని. కాని దాని యర్థము నాకు నిజముగా తెలిసినది ఈ నడుమనే. ఎడమకంట శుక్లము ముదిరి, దీపము చుట్టును చంద్రునికి కట్టినట్లు గుడి కట్టసాగెను. పుస్తకము తెరచిన వట్రసుడికిని రావత్తునకును భేదము కానరాదయ్యెను. తుదకు శస్త్రచికిత్స చేయించుకొంటిని. చూపు వచ్చిన తరువాత మొదట పద్మాక్షిగుట్ట యెక్కి వచ్చితిని. తామరరేకులవంటి కన్నులుగల తల్లి యని ఆ దేవి పేరున కర్థము. పోయిన చూపు తిరిగి వచ్చినవాడు పోదగిన చోటే గదా!

నేనుండునది హనుమకొండలోని సుబేదారి. నిజాముల కాలమున వరంగల్లు సుబాను పాలించు సుబేదారు ఇచ్చట నివసించుటచేత ఈ పేటకు ఆ పేరు కలిగినది. సుబా పోయినది, సుబేదారు పోయినాడు, పేరు మాత్రము నిలిచినది. ఒకనాటి మునిమాపున డాబాపై కూర్చుండి యుండగా నా మనుమడు ఆకాశమున పశ్చిమమునుండి తూర్పునకు సాగిపోవుచున్న ఒక చుక్కను చూపెను. అది మినుకుమినుకుమనదు, విమానమువలె రంగుదీపములును లేవు. నిలకడయైన వెలుగుతో నాలుగైదు నిమిషములలో ఆకాశము దాటిపోయినది. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము. భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున, గంటకు ఇంచుమించు 28,000 కిలోమీటర్ల వేగముతో, తొంబది నిమిషములకొకసారి భూమిని చుట్టివచ్చుచుండును. 2000 సంవత్సరము నవంబరు 2వ తేది మొదలు అందు మనుష్యులు ఎడతెగక నివసించుచున్నారు.

"తాతా! అందులో ఉండేవాండ్లకు కండ్లద్దములు ఉంటాయా?" యని పిల్లవాడడిగెను.

"ఎన్నియో పరీక్షలు నెగ్గినవారినే అందులోనికి పంపుదురు. వారికి అద్దములెందుకురా?" యని నేను తేలికగా చెప్పివేసితిని. బడిపంతులకు తెలియదనుట అలవాటు లేని మాట. కాని నేను చెప్పినది శుద్ధ తప్పని తరువాత చదివి తెలిసికొంటిని. అచ్చటివారిలో అద్దములు ధరించువారు కలరు; అంతే కాదు, భూమిమీద అద్దముల యవసరము లేనివారికి గూడ అచ్చటికి పోయిన కొన్ని నెలలకు అవి కావలసివచ్చుచున్నవి. నేటి నా ప్రసంగము ఆ పిల్లవానికి నేను చేయవలసిన సవరణయే. దానిని మీ యందరి యెదుట చేయుచున్నాను.

మొదట భారరహితస్థితి యననేమో చెప్పవలెను. అంత యెత్తున భూమ్యాకర్షణ ఉండదని పలువురు తలతురు. అది పొరపాటు. అచ్చట గూడ ఆకర్షణ పదింట తొమ్మిది వంతులదాక ఉండనే యున్నది. అయితే వ్యోమనౌకయు, అందలి మనుష్యులును, వారి చేతి చెంబులోని నీరును అన్నియు నొక్క వేగముతోనే భూమివైపు ఎల్లప్పుడును పడుచుండును. ముందునకు సాగు వేగము మిక్కుటముగా నుండుటచేత ఆ పాటు భూమిని తాకక, దానిచుట్టును వంగిపోవుచుండును. అన్నియు కలసి పడునప్పుడు ఒకదానిపై నొకటి బరువు మోపజాలదు. త్రాడు తెగిన బొక్కెనయు అందలి నీరును బావిలో పడుచున్న ఆ క్షణమును ఆరునెలలకు సాగదీసినట్లు ఊహింపుడు.

మనుష్యుడు ఇట్టి స్థితిలో బ్రతుకగలడా యని 1961కి పూర్వము వైద్యులకే సందేహముండెను. అన్నము గొంతు దిగునా, నిద్ర పట్టునా, గుండె కొట్టుకొనునా యని యనేక శంకలు. వానిలో కంటినిగూర్చిన శంకయు నొకటి. కన్ను మెత్తని గోళము. నీటితో నిండిన తిత్తివంటిది. బరువు లేనిచోట దాని యాకారము మారి చూపు చెడునేమో యని కొందరు భయపడిరి. 1962 ఫిబ్రవరి 20వ తేదిన జాన్ గ్లెన్ అను అమెరికా వ్యోమగామి భూమిని మూడుమారులు చుట్టివచ్చినప్పుడు, ఆతని యెదుటి పలకమీద నొక చిన్న అక్షరముల పట్టిక నమర్చిరి. కంటివైద్యుని గదిలో గోడకు వ్రేలాడు పట్టికయే, అతి చిన్నదిగా చేయబడినది. దానిని అప్పుడప్పుడు చదువుచు చూపు మారినదో లేదో గమనింపవలెనని యాతనికి ఆజ్ఞ. ఆతడు చదివెను, అక్షరములు చక్కగా కనబడినవి. ఆ ప్రయాణము మొత్తము అయిదుగంటలకు లోపే.

తరువాతి సంవత్సరము 1963 మే నెలలో గార్డన్ కూపర్ ఒకదినమునకు పైగా పైన నుండెను. ఆతడు దిగివచ్చి, హిమాలయ ప్రాంతమున ఇండ్లను, వాని పొగను చూచితిననియు, త్రోవపై పోవు బండిని గుర్తించితిననియు, ఉత్తర హిందూస్థానమున రైలింజనును దాని పొగనుబట్టి కనుగొంటిననియు చెప్పెను. వినినవారిలో పలువురు నమ్మలేదు. అంత దూరమునుండి అంత చిన్నవస్తువు కనబడునా? కనబడినచో భారరహితస్థితిలో చూపు చెడుటకు మారుగా మెరుగగుచున్నదా? ఈ వివాదమును తీర్పవలెనని శాస్త్రజ్ఞులొక విచిత్రమైన పరీక్ష నేర్పాటు చేసిరి. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున లారెడో దగ్గరను, ఆస్ట్రేలియా పడమటితీరమున కార్నార్వన్ ప్రాంతమునను విశాలమైన బయళ్లలో పెద్ద పెద్ద మళ్లు చదునుచేసి, వానిపై తెల్లని దీర్ఘచతురస్రములను వేర్వేరు పరిమాణములలో, వేర్వేరు దిక్కులకు త్రిప్పి పరచిరి. అనగా కంటివైద్యుని పట్టికను భూమిమీదనే వ్రాసిరన్నమాట. 1965 ఆగస్టులో ఎనిమిది దినములు తిరిగిన జెమిని-5 నౌకలోని కూపర్, కాన్రాడు గారలును, డిసెంబరులో పదునాలుగు దినములు తిరిగిన జెమిని-7 నౌకలోని బోర్మన్, లోవెల్ గారలును ఆ గుర్తులను చూచి యేది యే దిక్కునకు తిరిగియున్నదో చెప్పవలెను. నౌకలో గూడ చూపును కొలుచు చిన్న యంత్రము నుంచిరి. ఫలితమేమన, చూపు చెడనూ లేదు, మెరుగుపడనూ లేదు; నేలమీద నెట్లుండెనో పైనను అట్లే యుండెను.

పరీక్ష నిర్దుష్టమైనది. సమాధానము సత్యమైనది. అయినను ఆ సమాధానము పదునాలుగు దినములకు మాత్రమే చెల్లును. ఈ తుదిమాటను లోకము మరచినది. కంటికి భయము లేదని తేల్చుకొని ఆ ప్రశ్నను కట్టి అటకపై పెట్టిరి. పదునాలుగు దినములు వాన పడనిచో కరవు లేదనవచ్చును. ఆరునెలల మాట వేరు గదా!

తరువాత స్కైలాబు వచ్చినది. 1973-74లో ముగ్గురు వ్యోమగాములు అందు 84 దినములుండిరి. వారి కాళ్ల చుట్టుకొలతలు తీసి చూడగా కాళ్లు సన్నబడినవి, ముఖములు ఉబ్బినవి. కొంగకాళ్లును పూరీ ముఖమును అని మనవారైనచో పరిహసించియుందురు. కాళ్లలోని ద్రవము తలవైపునకు తరలుచున్నదని దానితో స్పష్టమైనది. ఎంత ద్రవము? రెండు లీటర్లదాక నుండునని అంచనా. ముక్కు దిబ్బడ వేయుట, తల బరువెక్కుట అందరును చెప్పినవే. కాని ఆ ద్రవము కంటినేమి చేయునో అప్పుడెవ్వరును గట్టిగా నడుగలేదు.

అడుగకపోవుటకు మరియొక హేతువు గలదు. వ్యోమగాములలో పెక్కుమంది నలుబదియేండ్ల ప్రాయమువారు. ఆ యీడున మన దేశమునందైనను అమెరికాయందైనను దగ్గరి యక్షరములు మసకబారుట సహజము. దానిని మనము చత్వారమందుము. అంతరిక్షమునుండి వచ్చినవాడు "చిన్నయక్షరములు కనబడుటలేదు" అన్నచో వైద్యుడు వయస్సును చూచి, చత్వారము వచ్చినదని అద్దములు వ్రాసియిచ్చుటలో వింత లేదు. వెంట నొక జత ముదురుటద్దములు పంపుట నాసావారికి వాడుకయైనది. వానికి ముందుచూపు అద్దములనదగిన పేరును పెట్టిరి. అద్దమిచ్చిరి గాని, అద్దమేల కావలసివచ్చినదని విచారింపలేదు. అదియునుగాక విమానము నడుపువారికి చూపే జీవనాధారము. చూపు తగ్గినదని వైద్యునితో చెప్పుటకు వెనుకాడుట మానవసహజము.

ఇచ్చట నా కథ యొకటి చెప్పుకొనవలసియున్నది. నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో, నా తరగతిలో వెనుకబల్లపై నొక పిల్లవాడుండెడివాడు. నల్లబల్లమీది లెక్కను ఏనాడును సరిగా ఎక్కించుకొనలేదు. మూడు వ్రాసిన ఎనిమిది వ్రాయును. ఆరు వ్రాసిన సున్న వ్రాయును. అశ్రద్ధ యని తలచితిని. బల్లమీద నిలువబెట్టితిని, బెత్తమును వాడితిని. ఇట్లు ఒక యేడాది గడచెను. ఒకనాడు వాడు ముందుబల్లమీది వాని ప్రక్కన కూర్చుండవలసివచ్చి, తప్పులేకుండ లెక్కనంతయు ఎక్కించుకొనెను. అప్పుడు గాని నా బుద్ధికి తట్టలేదు. "ఏమిరా, కనబడకపోయిన చెప్పవేమి?" యని యడిగితిని. "అందరికిని అట్లే కనబడుననుకొంటిని, పంతులుగారూ" యని వాడనెను. ఆ మాట నన్ను నేటికిని వదలలేదు. ఒకరి కంటితో మరియొకరు చూడజాలరు. కావున చూపు తగ్గినవాడు తన లోపమును తానెరుగడు, ఎరిగినను చెప్పడు, చెప్పినను మనకు ముందే సిద్ధముగానున్న సమాధానమొకటి యుండును. నాకు అశ్రద్ధ యనునది అట్టి సమాధానము. అమెరికా వైద్యులకు చత్వారము.

ఆ తెర తొలగినది 2005లో. జాన్ ఫిలిప్స్ అను వ్యోమగామి ఆ యేడు ఏప్రిలునుండి అక్టోబరువరకు అంతరిక్ష కేంద్రమున నుండెను. కొన్నాళ్లకు కిటికీలోనుండి భూమిని చూడగా ముందువలె స్పష్టముగా లేదు. దిగివచ్చిన తరువాత పరీక్షింపగా, పోవునప్పుడు నిర్దుష్టమైయున్న ఆతని చూపు, సాధారణదృష్టి గలవాడు నూరడుగుల దూరమునుండి చదువు అక్షరమును ఇరువది యడుగులకు చేరి గాని చదువలేనంతకు తగ్గియుండెను. ఇది చత్వారముచేత కాదగినది కాదు. కంటివెనుక భాగము అణగియుండెను. కంటినుండి మెదడునకు పోవు దృష్టినాడి వాచియుండెను.

2009లో మరియొక ఘట్టము. ఆ వేసవిలో కేంద్రముననున్న ఆరుగురిలో మైకేల్ బారెట్, రాబర్టు థర్స్క్ అను నిద్దరు వైద్యులు. తమ చూపు మారుచున్నట్లు వారికి తోచెను. వైద్యులు గనుక ఊరకుండక, ఒకరి కన్నులనొకరు పరీక్షించుకొనిరి. దృష్టినాడి వాపు లక్షణములు కనబడినవి. భూమినుండి మేలైన పరికరములను పంపించి, వానితో చిత్రములు తీసి చూడగా అది నిజమే యని తేలినది. రోగియే వైద్యుడగుటచేత ఈసారి ఫిర్యాదు త్రోసివేయబడలేదు.

2011లో థామస్ మేడర్ అను నేత్రవైద్యుడును ఆతని సహచరులును ఏడుగురు వ్యోమగాముల కన్నులనుగూర్చి యొక ప్రసిద్ధమైన నివేదిక ప్రకటించిరి. వీరందరును ఆరునెలలు పైన నుండి వచ్చినవారు. వారిలో అయిదుగురికి దృష్టినాడి మొదలు వాచియుండెను. అయిదుగురికి నేత్రగోళము వెనుకవైపున చదునై యుండెను. అయిదుగురికి నేత్రపటలము వెనుకనుండు రక్తనాళముల పొరయందు ముడుతలు పడియుండెను. ముగ్గురికి దూదిపింజలవంటి మచ్చలుండెను. ఆరుగురికి దగ్గరిచూపు తగ్గియుండెను. అదే నివేదికలో సుమారు మూడువందలమంది వ్యోమగాముల సమాధానములనుగూడ క్రోడీకరించిరి. కొలదిదినములు పోయివచ్చినవారిలో నూటికి 29 మందియు, నెలల తరబడి యున్నవారిలో నూటికి 60 మందియు తమ చూపు తగ్గినదని చెప్పిరి. కొందరికి ఆ మార్పు సంవత్సరములు గడచినను పోలేదు. ఇన్నేండ్లుగా ఒక్కొక్కరు తమలో తామే దాచుకొన్న మాట ఒక్కచోటికి చేరగా ఇంత పెద్ద సంఖ్య యైనది!

ఇక నిది యెట్లు జరుగునో విచారింతము. మన ఓరుగల్లు సీమలో కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులున్నవి. పైచెరువు నిండి అలుగు పారిన నీరు క్రిందిచెరువునకు వచ్చును. ఆ యేర్పాటంతయు నేల వాలుమీద నాధారపడినది. వాలే లేదనుకొనుడు, కట్టలు, తూములు, అలుగులు ఎంత గట్టివైనను నీటికి పోవలసిన దిక్కు తెలియదు. మన దేహమును అట్టిదే. తల పైన, కాళ్లు క్రింద అను వాలును నమ్మియే రక్తనాళములు, హృదయము పనిచేయుచున్నవి. వాలు పోగానే ద్రవము తలవైపున నిలిచిపోవును. మెదడు ఒక విధమైన తేటనీటిలో తేలుచుండును. ఆ నీటి తొడుగే దృష్టినాడి చుట్టును కంటివెనుకదాక వ్యాపించియుండును. అచ్చట ఒత్తిడి యెక్కువకాలము నిలిచినచో నాడి వాచును, కంటిగోళపు వెనుకభాగము లోనికి నొక్కుకొనిపోవును. కంటిపొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. అందొక్క మిల్లీమీటరు తగ్గినను అద్దములశక్తిలో ఇంచుమించు మూడు డయాప్టర్ల భేదము వచ్చును. అందుచేత దగ్గరి వస్తువుల రూపము నేత్రపటలముపై పడక దాని వెనుకకు పోవును. చదువుటకు ముదురద్దములు కావలసివచ్చును.

ఈ సిద్ధాంతము వినుటకు బాగుగనే యున్నది. కాని శాస్త్రమునకు వినుటకు బాగుండుట చాలదు. తలలోని ఒత్తిడి నిజముగా పెరుగుచున్నదా? దానిని కొలుచుటెట్లు? దేహమునకు రంధ్రము చేసి గాని నేరుగా కొలువరాదు. ఆరోగ్యవంతుడైన వ్యోమగామికి అట్లు చేయుట ధర్మము కాదు. ఇచ్చట కొందరు మహానుభావులు ముందునకు వచ్చిరి. వారు వ్యోమగాములు కారు. క్యాన్సరు వ్యాధినుండి కోలుకొన్నవారు. చికిత్సకాలమున మందు ఎక్కించుటకై వారి తలలో చర్మము క్రింద నొక చిన్న తిత్తి నమర్చియుండిరి. అది యింకను ఉండెను. దాని ద్వారా ఒత్తిడిని కొలువవచ్చును. వారు ఇష్టపూర్వకముగా, ఎక్కి దిగి కొన్ని సెకండ్లపాటు భారరహితస్థితిని కలిగించు విమానములో ప్రయాణము చేసిరి. జస్టిన్ లాలీ, బెంజమిన్ లెవిన్ మొదలగు శాస్త్రజ్ఞులు 2017లో ఆ ఫలితములను ప్రకటించిరి. పరుండియున్నప్పుడు తలలోని ఒత్తిడి సుమారు 15 మిల్లీమీటర్ల పాదరసము. కూర్చున్నప్పుడు సుమారు 4. భారరహితస్థితిలో సుమారు 13. అనగా పరుండిన దానికంటె ఎక్కువ కాదు, కాని కూర్చున్న దానికంటె చాల ఎక్కువ.

దీనివలన నొక సూక్ష్మమైన విషయము తెలియుచున్నది. దోషము ఒత్తిడి మిక్కిలి పెరుగుటలో లేదు. అది యెన్నడును తగ్గకుండుటలో నున్నది. భూమిమీద మనము రాత్రి పరుండి ఉదయమున లేతుము. పగలు పదునారు గంటలు తల యెత్తి తిరుగుటచేత కంటివెనుకనున్న నాడికి విశ్రాంతి కలుగును. అంతరిక్షమున లేచుట లేదు, పరుండుట లేదు. తెల్లవారని రాత్రివంటిది. స్వల్పమైన బరువైనను దింపుకొను చోటు లేనిచో భుజమును విరుచును గదా!

ఈ కారణముచేతనే జబ్బు పేరును గూడ మార్చిరి. మొదట దానిని చూపు తగ్గుటకు కపాలములోని ఒత్తిడియే కారణమని తోచునట్టి పేరుతో పిలుచుచుండిరి. 2017లో ఆ కారణమును తీసివేసి, వ్యోమయానముచేత నాడులకును నేత్రములకును కలుగు లక్షణసముదాయమని మాత్రమే పేరుపెట్టిరి. తలలో ఒత్తిడి పెరిగిన రోగులకు భూమిమీద ఉండు తీవ్రమైన తలనొప్పి, ఒకటి రెండుగా కనబడుట మొదలగునవి వ్యోమగాములలో కనబడకపోవుటయు దీనికి హేతువు. రుజువు కాని కారణమును పేరులో ఉంచరాదను ఈ వినయము తర్కశాస్త్రము చదివినవారికి మెచ్చదగినది.

భూమిమీదనే మరియొక పరీక్ష చేసిరి. జర్మనీలోని కొలోను నగరమున పదునొకండుగురు ఆరోగ్యవంతులను, తలవైపు ఆరు డిగ్రీలు వాలుగానున్న మంచములపై, తలగడ లేకుండ ముప్పది దినములు పరుండబెట్టిరి. గాలిలో బొగ్గుపులుసు వాయువును, అంతరిక్ష కేంద్రముననుండునట్లు, సాధారణముకంటె ఎక్కువగా ఉంచిరి. వారిలో అయిదుగురికి దృష్టినాడి మొదలు వాచెను. తక్కిన ఆరుగురికి రాలేదు. ఒకే మంచము, ఒకే గాలి, ఒకే కాలము; కొందరికి వచ్చుట, కొందరికి రాకుండుట ఏల? పుట్టుకతో వచ్చు భేదములును, దేహములో బి-విటమినుల వినియోగమునందలి భేదములును కారణములు కావచ్చునని పరిశోధకులు తలచుచున్నారు.

కంటికి అంతరిక్షమున నున్న భయమిది యొక్కటియే కాదు. 1969లో చంద్రుని చేరిన ఎడ్విన్ ఆల్డ్రిన్ తన నౌకలోని చీకటిలో కన్నులు మూసికొన్నను మెరపులు కనబడినవని చెప్పెను. తరువాత పోయినవారును అట్లే చెప్పిరి. విశ్వకిరణములలోని భారమైన కణములు కంటిని చీల్చుకొని పోవునప్పుడు కలుగు మెరపులవి. ఆ కిరణములు ఎక్కువ సోకినవారికి శుక్లములు త్వరగా వచ్చుచున్నవని 2001లో 295 మంది వ్యోమగాముల వైద్యపత్రములను పరిశీలించి తెలిసికొనిరి. నా కంటికి వయస్సుచేత వచ్చినది వారికి వృత్తిచేత ముందుగా వచ్చునన్నమాట.

ఈ విషయము పరదేశముదే కాదు. 1984 ఏప్రిలులో రాకేశ్ శర్మగారు ఎనిమిది దినములు సాల్యూట్-7లో నుండిరి. ఆంధ్రప్రదేశమున పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపు టంచువరకు పోయి, కొన్ని నిమిషములు భారరహితస్థితి ననుభవించి వచ్చెను. అంతటి స్వల్పకాలమునకు ఈ జబ్బు భయము లేదు. కాని అదే సంవత్సరము నవంబరులో, హైదరాబాదునుండి ఇంజనీరింగు చదువుకై అమెరికాకు పోయిన తండ్రికి కుమారుడైన రాజాచారి ఒక నౌకకు నాయకుడై పైకి పోయి, 177 దినముల తరువాత 2022 మే 6న దిగివచ్చెను. ఇంతకాలమున్న ప్రతివానికిని నేడు పోవుటకు ముందు, పైనున్నప్పుడు, వచ్చిన తరువాత కన్నులు పరీక్షించుట నియమము. నేత్రపటలపు పొరలను వెలుగుతో కొలుచు యంత్రమొకటి 2013 మొదలు అంతరిక్ష కేంద్రమునందే యున్నది. అదే జాతి యంత్రము మన పట్టణములలోని కంటి ఆసుపత్రులలో గూడ కలదు. గడ్డము ఆనించి ఒక చుక్కను చూడుమన్న యంత్రమదియే. 2025 జూన్ 25న బయలుదేరి జూలై 15న దిగివచ్చిన శుభాంశు శుక్లాగారు, భారరహితస్థితిలో కంప్యూటరు తెరలను చూచునప్పుడు చూపు నిలుపుటయందును కనుపాపల కదలికయందును కలుగు మార్పులను పరిశీలించు నొక భారతీయ పరీక్షలో పాల్గొనిరి. స్వదేశపు నౌకలో మనవారిని పంపుటకు మన శాస్త్రజ్ఞులు గగనయానమను పథకమును సాగించుచున్నారు. కావున నీ ప్రశ్న ఇక మన యింటి ప్రశ్నయే.

దీనికి చికిత్స యేమి? కాళ్లవైపునకు ద్రవమును మరల లాగు ఉపాయములు కొన్ని గలవు. రష్యావారికి చిబిస్ అను నొక విచిత్రమైన లాగు గలదు. నడుమునుండి క్రిందిభాగమును అందుంచి, లోపలి గాలిని తగ్గించినచో ద్రవము కాళ్లలోనికి దిగును. తొడలకు పట్టీలు బిగించుట మరియొక పద్ధతి. గుండ్రముగా తిరుగు యంత్రములో కూర్చుండబెట్టి కృత్రిమముగా భారము కల్పింపవలెనని కొందరి యాలోచన. ఇవి యన్నియు ఇంకను పరీక్షలోనే యున్నవి. అద్దములు మార్చుట మాత్రము అవసరమైనవారికి జరుగుచున్నది. అంతరిక్ష కేంద్రమున నెలల తరబడి యుండువారిలో పదింట ఏడుగురికి కంటివెనుక ఎంతోకొంత వాపు కనబడుచున్నది. పెక్కుమందికి దిగివచ్చిన తరువాత వాపు తగ్గును. ఇంతవరకు దీనివలన గ్రుడ్డివారైనవారెవ్వరును లేరు. అది సంతోషింపదగినదే. కాని అంగారకునికి పోయి వచ్చుటకు మూడేండ్లు పట్టును. ఆరునెలలనుగూర్చి తెలిసినదానిని మూడేండ్లకు అన్వయింపరాదు. పదునాలుగు దినములనుగూర్చి తెలిసినదానిని ఆరునెలలకు అన్వయించి యొకసారి మోసపోతిమి గదా! దారిలో చూపు మందగించినవాడు ఆ యంత్రములనెట్లు నడుపును? నడుమ దిగి కంటివైద్యునికడకు పోవుటకు అది వరంగల్లునుండి హైదరాబాదునకు పోవు ప్రయాణము కాదు.

మన సుశ్రుతాచార్యుడు తన సంహితలో కంటిరోగములను డెబ్బదియారింటిని లెక్కించి, శుక్లమునకు శస్త్రచికిత్సను గూడ చెప్పెను. ఈ డెబ్బదియేడవదానిని ఆయన యెరుగడు. ఎరుగుటకు ఆనాడు భూమిని విడిచి పోయినవాడు లేడు. కాని ఆయన కాలమునను నేడును వైద్యుని మొదటిపని యొక్కటే: రోగి చెప్పునది వినుట. ఈ చరిత్రయందు యంత్రములు చాల గొప్పవి. అయినను ఏ యంత్రమును ఈ జబ్బును మొట్టమొదట కనిపెట్టలేదు. "నాకు ముందువలె కనబడుటలేదు" అని యొక మనుష్యుడు చెప్పుటయు, దానిని మరియొకడు నమ్ముటయు జరిగిన తరువాతనే యంత్రములు పనికివచ్చినవి.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! మీ యింటను, మీ తరగతిలోను వెనుకబల్లపై నున్న పిల్లవానిని ఒకసారి ముందునకు పిలిచి, నల్లబల్లమీదిది చదువుమనుడు. నా వెనుకబల్ల పిల్లవానికి నేనొక యేడాది ఆలస్యముగా ఆ మేలు చేసితిని. ఆ యేడాది వానికి తిరిగి యియ్యజాలను.

నా మనుమనికి మాత్రము నా తప్పు చెప్పివేసితిని. "వాండ్లకు అద్దములు ఉంటాయిరా, నేనే తెలియక చెప్పినాను" అంటిని. వాడు కొంచెము సేపాలోచించి, "అయితే నాకును పోవచ్చునన్నమాట" యనెను. వానికి నిరుడు అద్దములు వచ్చినవి. ఆ సంగతి వాని ప్రశ్నలో దాగియున్నదని ఆనాడు నాకు తోచనేలేదు!